చక్రాల ఇంటికి చక్రవడ్డీ

కదలని ఇల్లు కొంటే తెలంగాణ ప్రభుత్వం నూటికి ఏడున్నర రూపాయలు పుచ్చుకుంటుంది. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పద్దులు కాస్త అటూ ఇటూ అయినా కూడిక మాత్రం అదే 7.5. నీళ్ల దగ్గరా కరెంటు బకాయిల దగ్గరా కుదరని ఏకాభిప్రాయం రెండు రాష్ట్రాలకూ ఇక్కడ చక్కగా కుదిరింది. పుచ్చుకునే చోట పొరపొచ్చాలుండవు.

ఇప్పుడు ఆ ఇంటికి నాలుగు చక్రాలు బిగించండి. లోపల మంచం ఉంది, పొయ్యి ఉంది, సింకుంది, ఓ మూల మరుగుదొడ్డి కూడా ఉంది. కింద స్థలం లేదు కాబట్టి కబ్జా భయం లేదు. అయినా సర్కారు దీన్ని ఇల్లుగా ఒప్పుకోదు, వాహనమంటుంది. కాబట్టి లైఫ్ ట్యాక్స్. అది 13 శాతం దగ్గర మొదలై ఖరీదును బట్టి 18కి, ఆపైకి కూడా పాకుతుంది. ఇంట్లో అప్పటికే ఒక కారుంటే, రెండో బండి కొన్న నేరానికి మరో 2 శాతం. కూర్చున్నవాడికి ఏడున్నర, కదిలినవాడికి దానికి రెట్టింపు. మనవాళ్లు రిటైరయ్యాక వాలుకుర్చీ ఎందుకు వదలరో ఇప్పుడు అర్థమైంది.

మా బావగారు మాత్రం వదిలారు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్ల ఇళ్లకు అప్పులిచ్చిన మనిషి, చివరికి తనకో చక్రాల ఇల్లు కావాలన్నారు. కొత్తది కొంటే పీఎఫ్ మొత్తం కరిగిపోతుంది కనుక సెకండ్‌హ్యాండ్. మన దగ్గర క్యారవాన్ అంటే హీరోగారు షాట్ గ్యాప్‌లో నడుం వాల్చేదో, పాదయాత్ర నాయకుడు రాత్రి పడుకునేదో. మామూలు మనుషులు అమ్మేది దొరకడం గగనం. వెతగ్గా వెతగ్గా బెంగళూరులో దొరికింది. ట్రావెలర్ వ్యాను మీద కట్టిన క్యాంపర్, ఐదేళ్ల వయసు, ఒకే ఓనరు. ఇంజను వింటే పాత పాట విన్నట్టుందని ఫోన్లో మురిసిపోయారు.

"ఇంజను సంగతి తర్వాత బావా, ఆర్సీలో ఏమని రాసుంది?" అన్నాను.

అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కేంద్ర రవాణా శాఖ 2004లో ప్రకటించిన జాబితాలో క్యాంపర్ వ్యాను రెండు చోట్లా కనిపిస్తుంది. సొంతానికి వాడుకుంటే నాన్-ట్రాన్స్‌పోర్టు, అద్దెకు తిప్పితే ట్రాన్స్‌పోర్టు. మంచం ఒకటే, దాని మీద పడుకున్నది ఓనరా, కిరాయిదారా అన్నదాన్ని బట్టి నంబరు ప్లేటు రంగూ మారుతుంది, పన్ను పద్ధతీ మారుతుంది. బజార్లో ఎక్కువగా తిరిగేది మూడో రకం. కాగితాల మీద మామూలు ప్యాసింజరు వ్యాను, తలుపు తీస్తే వంటగది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు ఇలాంటివి గిట్టవు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. క్యారవాన్‌గానే కట్టుకోవాలంటే దానికి ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది. లోపల ప్లైవుడ్ బీరువాలు బిగించిన వడ్రంగికి ఈ సంగతి తెలిసుండదు. తెలిసినా మనకు చెప్పి బేరం పోగొట్టుకోడు.

ఆ మాటకొస్తే తెలుగువాడికి మోటార్‌హోమ్ కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం మరేమిటి? పాత షెవర్లే వ్యానును మార్చి కట్టించారు. రోడ్డు పక్కన స్నానం, బండిలో నిద్ర. పార్టీ పెట్టిన తొమ్మిది నెలల్లో ఆ బండి ప్రభుత్వాన్నే మార్చేసింది. 52వ సెక్షనున్న చట్టం 1988లో వచ్చింది కాబట్టి రథం బతికిపోయింది. ఆ తర్వాత వచ్చినవాటికి అంత అదృష్టం లేదు. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి ఇంకా జనంలోకి రాకముందే దాని రంగు మీద పేచీ లేచింది. మిలిటరీ బళ్ల ఆలివ్ గ్రీన్ ఇతరులు వేసుకోకూడదన్నది నిబంధన. అది ఆ ఆకుపచ్చ కాదు, వేరే ఆకుపచ్చ అని రవాణా అధికారులు చెప్పాల్సి వచ్చింది.

సరే, మన బండికి వద్దాం. ఆర్సీలో సొంత వాడకానికి క్యాంపర్ వ్యాను అనే ఉంది. గండం గడిచింది. అమ్మేది ఎవరన్నది రెండో ప్రశ్న. మామూలు మనిషి తన బండి తాను అమ్ముకుంటే జీఎస్టీ లేదు. జీఎస్టీ నమోదున్న డీలరు అమ్మితే, అతనికి మిగిలిన మార్జిన్ మీద 18 శాతం. పాత బళ్లన్నిటికీ ఈ 18 ఖాయమైంది 2024 డిసెంబరు 21న, జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 55వ సమావేశంలో. అంతకుముందు చిన్న కార్లకు 12 ఉండేది. అదే సమావేశంలో పాప్‌కార్న్ పంచాయితీ కూడా తెగింది. ఉప్పుకారం చల్లి విడిగా అమ్మితే 5, ప్యాకెట్లో పెట్టి పేరు రాస్తే అప్పటికి 12, పంచదార పాకం పట్టిస్తే 18. అంటే పాత మోటార్‌హోమూ, పాకం పట్టిన పేలాలూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నాయి. బండి మొత్తం ధర మీద 18 వేశారనుకుని అప్పట్లో దేశమంతా గగ్గోలెత్తింది. అలా కాదు, మార్జిన్ మీదే; నష్టానికి అమ్మితే పన్నే లేదు. డీలరే కట్టాలి కూడా. డీలరు కట్టే పన్ను ఎవరి జేబులోంచి వస్తుందో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

బావగారు ఓనరు దగ్గరే కొన్నారు. కాబట్టి జీఎస్టీ గండం కూడా దాటారు. ఇక మిగిలింది పేరు మార్పిడే కదా అని ధీమాగా ఉన్నారు. నిజానికి కేంద్రం నిబంధనల ప్రకారం లైట్ మోటారు వాహనానికి పేరు మార్పిడి ఫీజు ఎంతో తెలుసా? 300 రూపాయలు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ బకెట్టుకు అంతకంటే ఎక్కువవుతుంది. ఆ 300 చూసి మురిసిపోయినవాళ్లే ఈ దేశంలో సెకండ్‌హ్యాండ్ బళ్లు కొంటుంటారు.

ఎందుకంటే బండికి ఓనరు మారినా సర్కారుకు పట్టదు. రాష్ట్రం మారితేనే పడుతుంది. దానికి ముందు ఎన్‌ఓసీ కావాలి. ఫామ్ 28, ఫామ్ 29, ఫామ్ 30, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, అప్పు తీరిందన్న బ్యాంకు కాగితం, బండి దొంగది కాదన్న పోలీసు కాగితం. వీటికి తోడు ఛాసిస్ నంబరు అచ్చు. ఇది మాత్రం చూసి తీరాలి. బావగారు లుంగీ ఎగ్గట్టి, వ్యాను కింద వెల్లకిలా పడుకుని, ఫ్రేము మీది గ్రీజు గుడ్డతో తుడిచి, సన్న కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దారు. మొదటిసారి రెండు అంకెలు పడలేదు. రెండోసారి కాగితం చిరిగింది. ఇంకోసారి అన్నీ పడ్డాయి గానీ 8 లాగా ఉన్నది 3 ఏమోనని కొత్త అనుమానం. దేశం డిజిటల్ అయిందంటారు. అయింది, ఆ పెన్సిల్ అచ్చును స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి.

అన్నీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాం. లోపలికి వెళ్లేముందే జిరాక్స్ షాపు దగ్గర ఏజెంటు ఎదురొచ్చాడు.

"ఎన్‌ఓసీ తెచ్చిన్రా సార్?"

"తెచ్చాం."

"మరి లైఫ్ ట్యాక్స్?"

"అది ఎప్పుడో కట్టేశారు. ఇదిగో రసీదు," అన్నారు బావగారు.

"అది కర్ణాటకల కట్టిన్రు సార్. మనకేం కట్టిన్రు?"

బావగారు బ్యాంకు లెక్క తీశారు. "పదిహేనేళ్లకు కట్టారు. ఐదేళ్లే అయింది. మిగతా పదేళ్ల డబ్బు వాళ్ల దగ్గరే ఉంది కదా. వాళ్లు మీకు పంపిస్తే సరిపోతుంది."

"వాళ్లు మనకెందుకు పంపుతరు సార్? ముందుగాల మీరు ఈడ కట్టాలె. ఈడి నంబరు పడినంక ఆ ఆర్సీ తీస్కపోయి ఆడ రీఫండ్ అడగాలె."

"అడిగితే ఎవరికిస్తారు? కట్టింది అమ్మినాయన. కొన్నది నేను."

ఏజెంటు బావగారి వైపు జాలిగా చూశాడు. "వచ్చినంక సూద్దాం తియ్యండి సార్."

అతని తప్పేం లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్రాల జాబితా, 57వ పద్దు: వాహనాల మీద పన్ను రాష్ట్రాల సొత్తు. రిజిస్ట్రేషన్ చట్టం కేంద్రానిది, అది దేశమంతటా చెల్లుతుంది. పన్ను రాష్ట్రానిది, అది సరిహద్దు దాకానే చెల్లుతుంది. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్. కొత్త నంబరు కావాలంటే పన్ను కట్టాలి. పైగా పన్ను లెక్క వేసేది మీరు బండికిచ్చిన ధర మీద కాదు, అది కొత్తగా ఉన్నప్పటి ఇన్వాయిస్ ధర మీద. బండి వయసును బట్టి శాతం తగ్గించే పట్టిక ఒకటుంది గానీ, మూల ధర మాత్రం కుర్రతనంలోదే. ఛాసిస్ బిల్లుతో పాటు బాడీ కట్టిన బిల్లు కూడా తెమ్మన్నాడు ఏజెంటు. అంటే మంచానికీ పొయ్యికీ సింకుకూ కూడా. సింకు కారుతోందని బావగారు మొత్తుకున్నా కారే సింకుకు తగ్గింపు ఏ పట్టికలోనూ లేదు.

ఈ గొడవంతా ఎందుకు, కర్ణాటక నంబరుతోనే తిప్పుకోవచ్చు కదా అనే మేధావి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. మా కుటుంబంలో అది నేనే. కానీ పేరు మార్చకపోతే అమ్మినవాడికి నిద్ర పట్టదు. చలానా పడితే అతని ఫోనుకే మెసేజ్ వెళ్తుంది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఇన్సూరెన్సు మార్పిడి 14 రోజుల్లో అడగాలి. అమ్మినవాడు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో రాదు, అతని వెంటే పోతుంది. బండితో వచ్చేవి పాత చలానాలే.

రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2కి ముందు విజయవాడ బండిని హైదరాబాదువాడు కొంటే అది ఊరు మారడమే. ఆ రోజు నుంచి అది రాష్ట్రం దాటడం. జనం గుండెల్లో గీత గీసిందెవరో చరిత్రకారులు తేలుస్తారు. ఆర్సీలో మాత్రం రవాణా శాఖ గీసింది.

పన్ను మొత్తం విన్నాక అక్కయ్య తన నిర్ణయం చెప్పేసింది. "నాకు ఆర్టీసీ బస్సులో ఫ్రీ. నేను ముందు పోతుంటా. మీరు మీ ఇంటికి పన్ను కట్టుకుంటూ వెనకాల రండి." ఆ వెనకాల రావడం కూడా ఉచితం కాదు. తెలంగాణలో డీజిలు మీద వ్యాట్ 27 శాతం. పెట్రోలయితే 35.2.

దారే లేదా అంటే, ఉంది. 2021 ఆగస్టులో కేంద్రం బీహెచ్ సిరీస్ తెచ్చింది. రాష్ట్రం మారినా నంబరు మారదు, పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. అది ఎవరికంటే సైనికులకు, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు, కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. ఉద్యోగంలో ఉండగా బావగారికి అర్హత ఉండేది, సెలవు దొరికేది కాదు. ఇప్పుడు కావలసినంత సెలవుంది, అర్హత పోయింది. దేశం చూడాలన్న కోరిక దేశం చూసే తీరిక ఉన్నవాడికి తప్ప అందరికీ మంజూరైంది.

కాబట్టి ఏలినవారికి ఒక విన్నపం. హైదరాబాదు వ్యాపారి బెంగళూరు నుంచి పాప్‌కార్న్ తెప్పించుకుంటే దాని మీది ఐజీఎస్టీలో తెలంగాణ వాటా తెలంగాణకు వచ్చేస్తోంది. రెండు రాష్ట్రాలూ తిన్నవాణ్ని పిలిచి అక్కడ రీఫండ్ తెచ్చుకో, ఇక్కడ మళ్లీ కట్టు అనడం లేదు. పేలాలకు కుదిరిన లెక్క బండికి కుదరకపోదు. మిగిలిన పదేళ్ల లైఫ్ ట్యాక్సు మీలో మీరు సర్దుకోండి. లేదా బీహెచ్ ప్లేటు పెన్షనర్లకూ ఇవ్వండి.

అంతవరకూ పాఠకులు ఒకటి గుర్తుంచుకోండి. పాత మోటార్‌హోమ్ చూడ్డానికి వెళ్తే ఇంజను వినకండి, మంచం నొక్కి చూడకండి. ముందు నంబరు ప్లేటు చూడండి. మొదటి రెండక్షరాలు మన రాష్ట్రానివైతేనే తలుపు తీయమనండి.