వ్యాగన్ మీది రాత

మా రోజుల్లో గూడ్సు బండి వచ్చి ఆగితే ముందు దాన్ని చదివేవాళ్లం. గూడ్స్ షెడ్డులో గుమస్తాగా నా పనే అది. నాలుగు చక్రాల మూత వ్యాగన్, ఇటుక రంగు ఒళ్లు, తెల్లటి అక్షరాలు. ఒకటి ఎస్.ఆర్. (దక్షిణ రైల్వే), పక్కది సి.ఆర్. (మధ్య రైల్వే), ఆ వెనకది డబ్ల్యూ.ఆర్. (పశ్చిమ రైల్వే). 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టాక ఎస్.సి. కూడా వచ్చి చేరింది. తలుపుకి తీగ చుట్టి నొక్కిన సీసం సీలు, క్లిప్పులో కాగితం లేబులు, చెక్క మీదో రేకు మీదో సుద్దతో గీసిన ఊరి పేరు. వాన పడితే ఆ సుద్ద కారి చారలు కట్టేది.

మొన్న ఒక మోడల్ రైళ్ల ప్రదర్శనకి వెళ్లాను. హెచ్.ఓ. స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఇరవై బాక్స్‌ఎన్ (పైన మూతలేని) వ్యాగన్లు, బోగీల్లో స్ప్రింగులతో సహా దించేశారు కుర్రాళ్లు. ఆ పనితనానికి దణ్ణం పెట్టొచ్చు. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికెళ్తే నా ప్రాణం ఉసూరుమంది. ఇరవైటికీ ఒకే నంబరు, ఒకే పీ.ఓ.హెచ్. (వర్క్‌షాపులో చేసే పెద్ద మరమ్మతు) తేదీ! ఒక ఫొటో దొరికితే కంప్యూటర్లో అచ్చు తీసి అన్నిటికీ అంటించారట. ఏ ఇరవై వ్యాగన్లయినా ఒకే రోజు వర్క్‌షాపు నించి బయటికొస్తాయా? దేశమంతా కలిసి తిరిగే వ్యాగన్లు అన్నీ ఒక్క రైల్వేవే అవుతాయా?

ఇంకో బాక్స్‌ఎన్ మోడల్ మీద టేరు (ఖాళీ వ్యాగన్ బరువు), మోసే బరువు కలిపి చూశాను. కుదర్లేదు. అసలు బాక్స్‌ఎన్‌కి టేరు 22.47 టన్నులు, సరుకు 58.81. కలిపితే 81.28. నాలుగు ఇరుసులకి పంచితే ఒక్కోదానికి 20.32. ఆ అంకెలు అలంకారానికి రాసినవి కావు నాయనా, పట్టాలూ వంతెనలూ మోయగలిగిన లెక్క అది.

ఇప్పటి పదకొండంకెల నంబరూ అంతే. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో (09 అంటే మన దక్షిణ మధ్య), ఆపైన తయారైన సంవత్సరం, తర్వాత నాలుగంకెలు దాని సొంత నంబరు. చివరి అంకె ముందున్న పదింటినించీ లెక్కగట్టి వచ్చేది. తోచిన అంకె వేస్తే తెలిసినవాడికి ఇట్టే దొరికిపోతారు.

మా కాలంలో మోడల్ చేసేవాడి దగ్గర ఇంత సరంజామా లేదు. అట్ట, బంక, సన్న కుంచె. కానీ యార్డు పక్కన నిలబడి రాసుకున్న నోటుపుస్తకం ఉండేది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఆ పుస్తకమే లేదు.

ఒక ఆదివారం ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వెళ్లండి. లూప్‌లైన్లో ఆగిన గూడ్సువి పది వ్యాగన్ల నంబరు, టేరు, తేదీ ఉన్నదున్నట్టు రాసుకోండి. పట్టాల మీదకి మాత్రం దిగకండి.