ముక్కు నాకితే బిస్కెట్

కుక్క చెవులు దులిపితే ప్రయాణం మానుకోవాలి. రాత్రిపూట ఏడిస్తే వాడకట్టులో ఎవరో పోతారు. ఈ రెండింటి సంగతి మన తాతలే తేల్చేసి వెళ్లారు. ముక్కు నాక్కోవడం ఒక్కటే ఏ శాస్త్రానికీ అందకుండా మిగిలిపోయింది. ఆ లోటు కూడా ఇప్పుడు తీరింది. పొద్దున్నే కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట ఎక్కి చూడండి, గొలుసు పట్టుకున్న ప్రతి మనిషీ ఒక భాష్యకారుడే.

"చూడు తమ్మీ, నాలుక బయటికి తీసి ముక్కు నాకిండంటే ఆకలైతాందన్నట్టు" అంటాడు ఒక రిటైర్డ్ సారు, జేబులోంచి బిస్కెట్ తీస్తూ. ఆ లాబ్రడార్ పొట్ట నేలను ఊడుస్తూ వస్తోంది. పొద్దున్నే ఇంట్లో తినే వచ్చింది, కట్ట మీదికి రాగానే మళ్లీ ఆకలైంది. "ఆకలి కాదు సార్, ప్రేమ. ముద్దు పెట్టరాక ముక్కు నాకుతాంది" అంటాడు ఫోన్ పట్టుకున్న పోరడు. "ముక్కు ఎండింది, అందుకే నాకుతాంది. జరమొచ్చింది" అని మూడో ఆయన తీర్పు. ఇంటికి పోయి పెరుగన్నంలో పారాసిటమాల్ గోళీ కలిపి పెడతాడు.

ముందు ఈ మూడో ఆయన సంగతి తేల్చాలి. మిగతా ఇద్దరి వల్ల కుక్క లావెక్కుతుంది, రీల్స్‌లో పడుతుంది, అంతే. ఈయన గోళీ మోతాదు మించితే కాలేయమే పోతుంది. కుక్క నిద్రలో ముక్కు నాక్కోదు కాబట్టి లేచేసరికి ఎండి ఉంటుంది. ఎండలో పడుకున్నా అంతే. దాని ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మనమైతే ఆ వేడికి సెలవుచీటీ రాసి దుప్పటి కప్పుకుంటాం. కుక్కకు జ్వరం ఉందో లేదో చూడాలంటే థర్మామీటర్ వెనకవైపు పెట్టాలి. అది తమ హోదాకు తగని పని కాబట్టి మనవాళ్లు ముక్కు దగ్గరే ఆగిపోయారు.

ఇక ఆకలి, ప్రేమ. ముక్కు కొన తడిగా ఉంటే గాలిలోని వాసన రేణువులు దానికి బాగా అంటుకుంటాయి. నాలుక వాటిని నోట్లోకి తెస్తుంది. పై పళ్ల వెనక అంగిట్లో ఒక సన్నని దారి ఉంది, అది జాకబ్సన్ అవయవానికి పోతుంది. దాన్ని రెండో ముక్కు అనుకోవచ్చు. వాసన పట్టే కణాలు మనకు 50, 60 లక్షలుంటే కుక్కకు 20 కోట్ల పైమాటే. కట్ట మీద నిలబడి లాబ్రడార్ ముక్కు నాక్కుంటోందంటే, రాత్రి ఆ స్తంభం కాడ ఆగింది ఆడదా మగదా, చేపల బుట్ట ఎటువైపు పోయింది అన్న విచారణ జరుగుతోందన్నమాట. విచారణ మధ్యలో బిస్కెట్ అడ్డం పడుతుంది. నాకినప్పుడల్లా బిస్కెట్ దొరుకుతుంటే ఏ కుక్కయినా ఏం నేర్చుకుంటుంది? వారం తిరిగేసరికి సారు సిద్ధాంతం అక్షరాలా నిజమైపోతుంది. కవ్వాల్ అడవిలో రేచుకుక్కలూ ముక్కు నాక్కుంటాయి. వాటికి బిస్కెట్ పెట్టేందుకు ఎవరూ వెళ్లినట్టు లేదు.

ఫోన్ పోరడికి ఇంకో మాట. 2017లో బ్రెజిల్, ఇంగ్లండ్ పరిశోధకులు కుక్కలకు మనుషుల ఫొటోలు చూపించి, గొంతులు వినిపించారు. కోపంగా ఉన్న మొహం కనబడ్డప్పుడు కుక్కలు ఎక్కువగా మూతి నాక్కున్నాయి. కోపంగా అరిచిన గొంతుకు అలా చేయలేదు. అంటే దానికి ఇబ్బంది మన అరుపుతో కన్నా మన మొహంతోనే. ఎదుటివాళ్లను చల్లబరచడానికి కుక్కలు ముక్కు నాక్కుంటాయని నార్వే శిక్షకురాలు తురీద్ రుగోస్ కూడా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. పోరడు ఒక చేత్తో మెడపట్టీ గుంజి, ఇంకో చేత్తో ఫోన్ మూతికి ఆనించి, "సిట్! సిట్!" అని పళ్లు కొరుకుతాడు. ఇంట్లో నాయనమ్మతో తెలుగే, కుక్కతో మాత్రం ఇంగ్లీషు. కుక్క చూపు తిప్పుకుని ముక్కు నాక్కుంటుంది. ఆ వీడియోకు ఎర్ర గుండె బొమ్మలు కుప్పలుగా పడతాయి.

ఆగకుండా నాకుతూనే ఉంటే అది వేరే లెక్క. కడుపులో వికారం, పంటి బాధ, ముక్కులో దూరిన గడ్డిగింజ, ఏదైనా కావొచ్చు. పశువుల దవాఖానకు పోవాలి. కట్ట మీది పెద్దమనుషులందరి అభిప్రాయాలూ అయిపోయాక చివరి మెట్టు అదే.

అన్నిటికన్నా ఘనమైన కేసు మాత్రం రామగుండం వైపు ఉంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త పడుతుంది. ఒంటి వేడి దించుకునే మిగతా భారమంతా వగర్పు మీదే. ముక్కు కొన కూడా చల్లగానే ఉంటుంది. గాలి 30 డిగ్రీలున్నప్పుడు అది 5 డిగ్రీలు తక్కువగా ఉందని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచారు. 30 డిగ్రీలంటే మా దగ్గర శివరాత్రి నాటి ముచ్చట. మేలో రామగుండం 45 దాటితే ఎవరూ వింతగా చూడరు. అక్కడ సైబీరియా మంచులో బండ్లు లాగే హస్కీని, రెండు పొరల బొచ్చుతో సహా, గేటుకు కట్టేస్తారు. చలికాలం ఆదిలాబాద్‌లో 5 డిగ్రీల లోపుకు పడ్డ రోజున దానికి కాస్త పుట్టిల్లు గుర్తొస్తుందేమో గానీ, అది ఉన్నది గోదావరిఖనిలో.

"రోజంతా ముక్కు నాకుడే సార్, బందు చేయించాలె" అని దాని యజమాని డాక్టర్ దగ్గరికి తెచ్చాడు. ఎండకు కట్టొద్దు, నీడన ఉంచి నీళ్లు పెట్టమన్నాడు డాక్టర్.

"హాల్ల ఏసీ వెట్టినం గద సార్."

"మరి కుక్క?"

"గేటు కాడ. వచ్చిపోయేటోళ్లకు కనవడాలె గద." కాసేపు ఆగి, అసలు బాధ బయటపెట్టాడు. "గిట్ల నాకి నాకి ముక్కు నలుపు పోతదా సార్? రేపు అమ్మవోతే రేటు తగ్గుతది."