డీబగ్గు వాచాలత

ప్రోగ్రాములో దోషము కనబడినపుడెల్ల, దానిని ఆలోచించి పట్టుకొను శ్రమకు మారుగా, ఆ ప్రోగ్రాము ఏ క్షణమున ఏమి చేయుచున్నదో దాని నోటనే చెప్పించు వాక్యములను అడుగడుగునను చొప్పించి, వానికొక ఫ్లాగును తగిలించి, "వలసినవారు వేసికొందురు, వలదన్నవారికి దీని ఉనికియే తెలియదు, దీనివలన ఎవరికిని నష్టము లేదు" అని కోడు రివ్యూ చేయువారికి అభయమిచ్చుట నేటి సాఫ్ట్‌వేరు లోకమున శిష్టాచారముగా పరిణమించినది. నష్టము లేదన్న దానికి అడ్డు చెప్పుటకు ఎవనికి నోరాడును? ఆమోదముద్ర పడును. పిమ్మట వెదకిన దోషము దొరికినను, చొప్పించినవాడు కొలువు మారినను, తుదకు ఆ ప్రోగ్రాము చేయవలసిన పనియే మారిపోయినను, ఆ వాక్యములు మాత్రము చోటు కదలవు.

ఇంతకును అవి పలుకునదేమి? మనవారు వ్రాసిన ఏ లాగు ఫైలునైనను విప్పి చూడుడు. "ఇక్కడికి వచ్చింది" అని రోమను లిపిలో ఒక పంక్తి. దాని క్రింద "ఇక్కడికి కూడా వచ్చింది" అని మరియొకటి. ఎవరు వచ్చిరో, ఎచ్చటికి వచ్చిరో, వచ్చి ఏమి నిర్వాకము చేసిరో చెప్పువాడు లేడు. మరికొంత దిగువ "లోపల 2" అని యుండును. "లోపల 1" ఏమైనదో ఆ పరమేశ్వరునికి ఎరుక. అన్నిటికంటె రమ్యమైనది, "ఇది రాకూడదు" అను పంక్తి. రాకూడని ఆ పంక్తి గంటకు వేలసార్లు వచ్చుచుండును, చూచినవారందరును అది ఎప్పుడును వచ్చునదేలెమ్మని సాగిపోవుచుందురు.

ఫ్లాగు దించియుండగా చిల్లిగవ్వ ఖర్చు లేదను వాదమొకటి కలదు. జావాలో వ్రాయు మన చిరంజీవి, డీబగ్గు పిలుపునకు అందించు సందేశమును ప్లస్ గుర్తులతో అతికించి, ఆ అతుకుల నడుమ ఒక ఆర్డరునందలి వస్తువులన్నిటిని అక్షరములుగా మార్చు పనిని గూడ ఇమిడ్చినచో, సందేశము సర్వాంగసుందరముగా తయారైన పిమ్మటగాని, దానిని వ్రాయవలెనా మానవలెనా యను ప్రశ్నయే పుట్టదు. అనగా ప్రోగ్రాము ఉపన్యాసమును ఆమూలాగ్రముగా కూర్చుకొని, వేదిక యెక్కి, అనుమతి లేదని విని, కాగితములు చించివేసి దిగివచ్చును. తరువాతి ఆర్డరునకు మరల అదే తంతు. ఇక రెండు థ్రెడ్లు ఒకదానినొకటి త్రోసికొనుటవలన పుట్టు దోషముల లీల వేరు. లాగు వ్రాతపని కలిగించు కొద్దిపాటి జాప్యమునకే అవి సర్దుకొని, ఫ్లాగు ఎత్తగనే మాయమై, దించగనే ప్రత్యక్షమగుచుండును. అట్టి సందర్భమున మన పండితులు చేయు చికిత్స లోకవిదితమే: ఫ్లాగును ఎత్తియే యుంచుదురు.

నష్టము లేదను వారికి 1988 నవంబరు 2వ తేదీని స్మరింపజేయుట ధర్మము. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ ఆనాడు విడిచిన వర్మ్, వేలకొలది యంత్రములను ఆక్రమించుటకు ఉపయోగించిన ద్వారములలో ఒకటి, ఉత్తరములను బట్వాడా చేయు సెండ్‌మెయిల్ ప్రోగ్రాములోని డీబగ్గు సౌకర్యము. 'డీబగ్' అను ఒక్క మాటను ముందుగా పంపినచో చాలును, ఆ ప్రోగ్రాము వెలుపలినుండి వచ్చిన ఉత్తరమునకు చిరునామాదారుగా మనిషికి బదులు ఒక కమాండును సైతము అంగీకరించి, ఉత్తరములోని విషయమును దాని చేతికి అప్పగించెడిది. పరీక్షించువారి సౌలభ్యమునకు పెట్టిన ఏర్పాటది. సెండ్‌మెయిల్ అమరిక ఎంత జటిలమనగా, ఈ సౌకర్యము లేనిదే ఆనాటి నిర్వాహకులకు చేయి యాడెడిది కాదు. కావున పలువురు విక్రేతలు దానిని తొలగింపకయే అమ్మిరి. 1990లో న్యాయస్థానము మోరిస్‌కు మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించినది. బోనులో నిలబడినవాడు అతడొక్కడే. డీబగ్గు సౌకర్యమునకు సమన్లు పంపుట ఎవరికిని తోచలేదు. సెండ్‌మెయిల్ కర్తయగు ఎరిక్ ఆల్‌మన్ చేతినుండియే సిస్‌లాగ్ అను లాగుల వ్యవస్థయు వెలువడుట ఒక విశేషము. అందలి ఎనిమిది శ్రేణులలో, యంత్రము పనికిరాకున్నదని మొరపెట్టు దానికి సున్నా సంఖ్య, డీబగ్గునకు చిట్టచివరి ఏడవ సంఖ్య. డిస్కులను నింపుచున్నది మాత్రము ఆ ఏడవదే.

2014లో లినక్సు లోకమున జరిగినది ఇంకను వినోదకరము. బూటు వేళ కెర్నెలు నుద్దేశించి ఇచ్చు 'డీబగ్' అను పదమును విని, బూటు వేళ తక్కిన సేవలను ప్రారంభించు సిస్టమ్‌డీ అను ప్రోగ్రాము తననే పిలిచిరని తలచి, కెర్నెలు లాగును తన పలుకులతో ముంచెత్తగా, యంత్రము బూటు కాక నిలిచిపోయినది. కెర్నెలు కర్తయగు లినస్ టోర్వాల్డ్స్ మండిపడి, సిస్టమ్‌డీ రచయితలలో ఒకరి కోడును ఇక స్వీకరింపనని బహిరంగముగా ప్రకటించెను. 2018 మే నెలలో ట్విట్టరు తన 33 కోట్లమంది వాడుకరులను పాస్‌వర్డులు మార్చుకొనుడని వేడుకొన్నది. ఏలయన, బీక్రిప్టుతో చేయు హ్యాషింగు పూర్తికాకమునుపే అవి అంతర్గత లాగులో యథాతథముగా లిఖింపబడినవి. దాచుటకు బీక్రిప్టు, చాటుటకు లాగు!

అచ్చువేయు వాక్యమనిన నాకు గిట్టదని ఎవరును తలపరాదు. యూనిక్సు పెద్దలలో ఒకడైన బ్రయన్ కెర్నిహన్ సైతము, చక్కగా ఆలోచించి ఉచితస్థానమున ఉంచిన ప్రింటు వాక్యమును మెచ్చినవాడే. అందలి మొదటి షరతును మనవారు చదువరు. ఆ షరతు నెరిగిన వాచాలత ఎట్లుండునో తెలియుటకు, దూరపు యంత్రముతో కలుపు ఎస్‌ఎస్‌హెచ్‌ను చూడుడు. కనెక్షను కుదరనిచో, ఏ తాళపుచెవిని మనము చూపితిమో, సర్వరు దేనిని కాదన్నదో వరుసగా చెప్పును. కమాండులో ఒక 'వీ' చేర్చిన కొంత, రెండు చేర్చిన మరికొంత, మూడింటితో సరి, అంతకుమించి లేదని దాని మాన్యువలే నిర్మొగమాటముగా తెలుపును.

ఇవన్నియు చెప్పి, మా కచేరీ సమావేశమున నేనొక ప్రతిపాదన చేసితిని. ప్రతి డీబగ్గు వాక్యమునకును దానిని చొప్పించినవాని పేరును, తొలగింపవలసిన తేదీని జతపరచవలెను. తేదీ దాటినచో బిల్డు ఆగిపోవలెను. సభ్యులు ముక్తకంఠముతో కొనియాడిరి. బిల్డు ఆగిపోవుట రిలీజు వారములలో ఇబ్బందికరమని ఒకరు సెలవిచ్చిరి; మనకు ప్రతి వారమును రిలీజు వారమే గదాయని మరియొకరు జ్ఞాపకము చేసిరి. తుదకు నియమమును అమలుపరచుటకే నిశ్చయమై, దానినొక ఫ్లాగు వెనుక ఉంచి, ఆ ఫ్లాగును ప్రస్తుతమునకు దించి, నియమము ఎవరెవరికి తగిలెడిదో ఆ వివరములను మాత్రము లాగులో వ్రాయించుచున్నారు.