నేను మోసిన దారి

నా తల్లి గుర్రం, తండ్రి గాడిద. నేను కంచర గాడిదను. ఒడ్డూ పొడుగూ అమ్మ పోలిక, చెవులూ ఓర్పూ నాన్న పోలిక. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, నాకు 63. ఆ బేసి లెక్క కలిసిరాక మా జాతికి పిల్లలు పుట్టరనే చెప్పాలి. వంశం నిలబెట్టే బెంగ లేదు కాబట్టి చాకిరీ మీదే మనసు పెట్టాను.

పుట్టింది అమెరికాలోని మిస్సోరీలో. అక్కడ మాకెంత మర్యాదంటే, 1995లో మమ్మల్ని ఏకంగా రాష్ట్ర జంతువును చేశారు. కొలువు మాత్రం అరిజోనాలో, గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్కులో దొరికింది. ఇక్కడ మావాళ్ళవి రెండు రకాల ఉద్యోగాలు. కొందరు టూరిస్టులను వీపు మీద ఎక్కించుకుని లోయలోకి దింపుతారు. పోస్టుకార్డుల మీద బొమ్మలన్నీ వాళ్ళవే. నాది రెండో రకం. కాలిబాటలు బాగుచేసే కూలీలకు సామాను మోస్తాను. గడ్డపారలు, పారలు, సమ్మెటలు, వాళ్ళ తిండి, వాళ్ళ గుడారాలు, అన్నిటికన్నా ఎక్కువగా మట్టి. లోయ నిండా మట్టే కదా, మళ్ళీ మోయడమెందుకు అంటారేమో. అక్కడున్నది చాలావరకు నిలువు బండ. పైగా పార్కు కాబట్టి ఎక్కడపడితే అక్కడ పలుగు వేయడానికి లేదు. దారికి కావలసిన మట్టీ కంకరా మా వీపుల మీదే రావాలి.

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మీరంటారు. నా కాళ్ళు కొన్ని వారాలకోసారి నాడాలు కొట్టేవాడు పట్టుకుంటాడు. అతను మొహమాటపడడు, నేనూ గర్వపడను. నాడా వదులైతే ఆ దారిలో నాతోపాటు సామానూ పోతుంది. మోసేది ఇంచుమించు 70 కిలోలు. అది కావడి లాంటిది. రెండు వైపులా సరితూగకపోతే జీను పక్కకు ఒరిగి వీపు పుండవుతుంది. అందుకే తెల్లవారకముందే మమ్మల్ని తోలే మనిషి ఒక్కో సంచినీ చేత్తో ఎత్తి చూసి, బరువు తేడా వస్తే ఒక సమ్మెట తీసి అటు వేస్తాడు, ఒక డబ్బా ఇటు వేస్తాడు.

తర్వాత మమ్మల్ని ఒకరి వెనక ఒకరిని కడతాడు. ముందున్నదాని జీనుకూ వెనకున్నదాని పగ్గానికీ మధ్య ఒక సన్నటి తాడు ముక్క ఉంటుంది. దాన్ని కావాలనే సన్నగా పెడతారు. ఒకటి కాలు జారి పడితే ఆ ముక్క తెగిపోవాలి, మిగతావి నిలవాలి. ఆ తాడు కట్టేటప్పుడు మాత్రం అతను ఎవరితోనూ మాట్లాడడు.

నా రోడ్డు పేరు సౌత్ కైబాబ్ ట్రెయిల్. దక్షిణపు అంచు నుంచి కొలరాడో నది దాకా ఇంచుమించు 11 కిలోమీటర్లు, దాదాపు కిలోమీటరున్నర లోతు. ఈ దారి పుట్టడానికి ఒక పాత తగువు కారణం. పక్కనే ఉన్న బ్రైట్ ఏంజెల్ దారి మొదట హవసుపాయి తెగవాళ్ళ నడకదారి. రాల్ఫ్ కామెరాన్ అనే ఆయన దాన్ని వెడల్పు చేయించి టోల్ గేటు పెట్టాడు. ఆ తర్వాత ఆయన అమెరికా సెనేటర్ కూడా అయ్యాడు. ఆ దారి తమ చేతికి రాకపోయేసరికి పార్కువాళ్ళు 1924–25లో కొండ తొలిచి సొంత దారి వేసుకున్నారు.

అడుగున నదిని దాటడానికి 1928లో ఉక్కు వంతెన కట్టారు. దాని ప్రధాన కేబుళ్ళు ఒక్కొక్కటీ దాదాపు టన్ను బరువు. బరువులు మోయడంలో మాకు పేరుంది గానీ, ముక్కలు చేయకూడని అంత పొడవాటి తీగను మెలికల దారిలో దింపడం మా వల్ల కాదు. 42 మంది మనుషులు వరసగా నిలబడి, ఒక్కో కేబులునూ భుజాల మీద వేసుకుని నది దాకా నడిచారు. వాళ్ళలో ఎక్కువమంది హవసుపాయివాళ్ళే. బ్రైట్ ఏంజెల్ దారి మధ్యలో ఊట నీళ్ళున్న చోట వాళ్ళు తరతరాలుగా పంటలు పండించుకునేవారు. అక్కడ మిగిలిన వాళ్ళ చివరి మనిషిని ఖాళీ చేయించింది కూడా 1928లోనే. ఆ చోటుకు హవసుపాయి గార్డెన్స్ అన్న పేరు 2022లో గానీ రాలేదు. దారి మోసినవాళ్ళకు దారిలో చోటు దొరకకపోవడం ఇక్కడ అప్పటినుంచీ ఉన్నదే.

ఆర్థిక మాంద్యం రోజుల్లో మరో దండు వచ్చింది. 1933లో మొదలై 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్. పనిలేని కుర్రాళ్ళకు నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 నేరుగా ఇంటికి. దేశమంతటా దాదాపు 30 లక్షల మంది ఆ కొలువు చేశారు. ఇక్కడికి వచ్చినవాళ్ళు నది అంచున రాతిని పేల్చి, తొలిచి రివర్ ట్రెయిల్ వేశారు. ఆ రాతి పేరు మీకు నచ్చుతుంది. 1880ల నాటి భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ ఈ లోయలోని శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. అడుగున ఉన్న నల్లరాతికీ విష్ణువు పేరే వచ్చింది. దాని వయసు దాదాపు 170 కోట్ల ఏళ్ళు. దాని మీది దారికి మాత్రం ఏటా మరమ్మతు తప్పదు.

ఎందుకంటే ఇక్కడ ఎండాకాలం నది ఒడ్డున 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలం పై అంచున మంచు పడుతుంది, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలు. కొండవాన ఒక్క గంట కొడితే నీళ్ళు కాలిబాటనే కాలువ చేసుకుంటాయి. అందుకని దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్ళ వరసలు పాతుతారు. వచ్చిన నీటిని అవి పక్కకు, లోయలోకి మళ్ళిస్తాయి. వాటి వెనక ఒండ్రు పేరుకుంటే పని చెయ్యవు. కాబట్టి పారతో ఎత్తిపోయాలి. చెప్పుకోవడానికేమీ లేని పని. కానీ అది చేయకపోతే మిగతా పనంతా వానపాలు.

ఈ పనికి వచ్చేవాళ్ళలో చాలామంది సీజను కూలీలు. ఆడపిల్లలూ మగపిల్లలూ, చాలావరకు ఇరవైల్లో ఉన్నవాళ్ళు. ఎనిమిది రోజులు లోయలోనే పని, ఆరు రోజులు సెలవు. ఏడాదికి 1,040 గంటలు నిండకుండా పని ఇవ్వడం చాలాకాలంగా నడిచిన సర్కారు లెక్క. అందుకే వాళ్ళు తమను తాము ‘టెన్ థర్టీ నైన్’ అని చెప్పుకుని నవ్వుకునేవారు. ఆరు నెలలయ్యాక ఒకరు మంచు కొండల్లో స్కీ రిసార్టుకు, ఒకరు అమ్మానాన్నల ఇంటికి. మళ్ళీ వస్తారో రారో వాళ్ళకే తెలియదు. మాకు మాత్రం ఏడాది పొడుగునా దాణా ఉంటుంది. ఈ విషయంలో గాడిద బతుకే నయం.

వాళ్ళ పనితనం నేను దగ్గరనుంచి చూస్తాను. లోయవైపు దారి జారకుండా రాతిగోడ కడతారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి బరువే రాయిని పట్టుకోవాలి. గోడ కొండవైపు కాస్త ఒరిగి ఉండాలి. అతుకు మీద అతుకు రాకూడదు. ఒకసారి ఒక అమ్మాయి గడ్డపారతో పెద్ద రాయిని అంగుళం అంగుళం నెట్టి చోటులో కూర్చోబెట్టి, దాని మీద నిలబడి మడమతో అటూ ఇటూ ఊపింది. వెంట్రుకవాసి కదిలింది. మేస్త్రీ ఏమీ అనకముందే ఆమే దాన్ని పైకి లేపి, అడుగున చిన్న రాతిచిప్పలు దట్టించి, మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ ఎక్కింది. ఈసారి కదల్లేదు. “సరే, ఇప్పుడు గాడిదను నడిపించండి,” అన్నాడు మేస్త్రీ. పరీక్షాధికారిని నేనే. ఆ రాయి నన్ను మోసింది.

ఇంతకీ ఈ దారిని అందరికన్నా ఎక్కువ పాడుచేసేది ఎవరంటే, మేమే. వాలులో మట్టి నిలవడానికి దారికడ్డంగా దుంగలు వేసి మెట్లు చేస్తారు. దిగేటప్పుడు మా డెక్కలు సరిగ్గా ఆ దుంగ పక్కనే పడతాయి. పడి పడి అక్కడ గుంట చేస్తాయి. మిగతా పని వాన చూసుకుంటుంది. కొన్నాళ్ళకు దుంగ ఒక్కటే మోకాలెత్తున అడ్డంగా మిగులుతుంది. నడిచేవాళ్ళు దాన్ని చుట్టి అంచుమీదుగా పోతారు, అంచు కూలుతుంది. మళ్ళీ ఆ గుంట పూడ్చడానికి మట్టి సంచులు నా వీపెక్కుతాయి. మరమ్మతుల భారం చూసి టూరిస్టు సవారీలకు కొన్నేళ్ళ కిందట పరిమితి పెట్టారు. అది న్యాయమే. మాకు పౌరుషం లేదు. కానీ వంతెన విషయంలో మాత్రం రాజీ లేదు. 1960ల్లో వచ్చిన రెండో వంతెనకు కింద ఇనప జాలీ, దాని సందుల్లోంచి నది కనిపిస్తుంది. అడుగున నీళ్ళు కనిపించే నేల మీద మా జాతి కాలు పెట్టదు. మేం పాత వంతెన మీదే వెళ్తాం.

మీవాళ్ళు కూడా చాలామందే వస్తారు. లాంగ్ వీకెండు వస్తే ఫీనిక్స్ నుంచి, కాలిఫోర్నియా నుంచి కార్లు కట్టుకుని దిగుతారు. మా దారిలోని ఊ ఆహ్ పాయింట్ దగ్గర ఒకాయన ఫోన్ పట్టుకుని అంచున నిలబడ్డాడు. “ఏమండీ, ఇటు రండి, కొండవైపు! గాడిదలొస్తున్నాయి,” అని భార్య కేక. “గాడిదలు కావమ్మా, మ్యూల్స్,” అని కూతురు దిద్దింది. మేం దాటుతుంటే ఆ పిల్లే అడిగింది: “నాన్నా, ఈ మెట్లన్నీ ఎవరు కట్టారు?” “గవర్నమెంటు వాళ్ళమ్మా,” అన్నాడాయన. నిజమే. కానీ ఆ మెట్టు కింద రాతిచిప్పలు దట్టించిన గవర్నమెంటుకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి, అక్టోబరులో ఉద్యోగం అయిపోతుంది.

అందుకని వచ్చేటప్పుడు ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. మేం ఎదురొస్తే కొండవైపు ఒదిగి నిలబడండి, లోయవైపు వద్దు. చివరి గాడిద 15 మీటర్లు దాటేదాకా కదలకండి. మెలికల దగ్గర అడ్డదారి తొక్కకండి. మీకు కలిసొచ్చేది రెండు నిమిషాలు, వాన ఆ గాడినే పట్టుకుని దారంతా తవ్వేస్తుంది. కాలికి అడ్డొచ్చిందని దారిలో పాతిన రాయిని కదపకండి, అది అక్కడుండేది నీళ్ళకోసం. చెత్త మీతోనే పైకి తెచ్చుకోండి, లేకపోతే అదీ మేమే మోయాలి. దారి పక్కన హెల్మెట్లు పెట్టుకుని రాళ్ళు పేరుస్తున్న పిల్లలు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి థాంక్స్ చెప్పండి. వచ్చే ఏడు వాళ్ళు ఇక్కడ ఉండకపోవచ్చు. నాకు మాత్రం ఏమీ పెట్టకండి. దారిలో మాకు తిండి పెట్టకూడదు, అది రూలు.