పాళీ మీద పట్టిన సిరా

రాజమహేంద్రవరంలో లేత్ యంత్రం మీద చేత్తో మలిచిన ఒక ఎబొనైటు కలానికి అమర్చిన పాళీ చెప్పుకుంటున్న కథ ఇది. ఎబొనైటు అంటే రబ్బరులో గంధకాన్ని ఎక్కువ పాళ్లలో కలిపి, వేడితో గట్టిపరచిన పదార్థం, కె.వి. రత్నం 1930ల తొలినాళ్లలో స్వదేశీ కలాల తయారీకి పూనుకున్నది ఈ ఊరిలోనే కాబట్టి, ఎబొనైటు కడ్డీని కలంగా తిప్పే నేర్పు ఇక్కడ నిలిచింది. ఈ పాళీ 14 క్యారెట్లది, అనగా 24 పాళ్లలో 14 పాళ్లు బంగారం, తక్కినవి వెండి, రాగి వంటి లోహాలు. కాగితాన్ని తాకే మొనకు మాత్రం సులభంగా అరగని మిశ్రలోహపు చుక్కను అతికి, దాని నడుమ నుంచి చీలిక కోశారు. చీలిక కింద, సిరాను మితంగా అందించే నాలుక ఉంటుంది.

సన్నని సందులో ద్రవం తనంత తానే పాకే గుణాన్ని కేశనాళికీయత అంటారు; సిరాను చీలిక వెంట మొనదాకా నడిపించేదీ, అంచు దాటించి పాళీ వీపు మీదికి ఎక్కించేదీ ఆ గుణమే. అలా ఎక్కిన పలుచని పొరలోని నీరు ఆవిరి కాగా, అందులో కరిగి ఉన్న రంగులు, లవణాలు ఉప్పుమడిలో ఉప్పు తేలినట్టు రవ్వలుగా తేలుతాయి, ఇవే స్ఫటికాలు. నీలి సిరా స్ఫటికాలు కొన్నిసార్లు ఎర్రగా మెరిసి, పాళీకి తుప్పు పట్టిందేమోనన్న భయం కలిగిస్తాయి గాని, బంగారానికి తుప్పు లేదు. ముదురుదనం కోసం రంగు పాలు పెంచిన సిరాలలో ఈ పేరుకోవడం ఎక్కువ, గ్లిజరిన్ వంటి తేమను నిలిపే పదార్థం చేర్చిన వాటిలో తక్కువ.

ఈ కలం డ్రాపరుతో గొట్టంలోకే సిరా పోసుకునే రకం కనుక మరొక చిక్కు ఉన్నది. సిరా తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది. గోదావరి తీరపు వేసవికి చేతి వెచ్చదనం తోడైతే ఆ గాలి వ్యాకోచించి సిరాను నాలుక మీదికి నెడుతుంది. కలం కక్కిందని రాసేవారు అనేది దీనినే. కక్కిన సిరా మూత లోపలి అంచున, పాళీ మెడ చుట్టూ ఆరి పెళుసైన పొరగా మారుతుంది. గొట్టం బాగా ఖాళీ కాకముందే మళ్లీ నింపడం దీనికి విరుగుడు.

ఈ పాళీ జీవితంలో అన్నిటికంటె కష్టమైన దశ ఇనుప సిరాతో వచ్చింది. కరక్కాయ వంటి వగరు కాయలలోని టానిన్లను, అన్నభేది అనే ఇనుప లవణాన్ని కలిపి చేసే ఈ సిరా గాలిలోని ప్రాణవాయువు సోకి నల్లబడి, నీటికి కరగని రూపం దాలుస్తుంది. దస్తావేజులకు దానిని మేలైనదిగా ఎంచింది అందువల్లనే. అదే మార్పు చీలికలో జరిగితే మాత్రం కలం మూగపోతుంది. యజమాని కొన్ని నెలలపాటు కలాన్ని సిరాతోనే పెట్టెలో ఉంచి, తీసినప్పుడు రాయకపోయేసరికి బ్లేడు అంచును చీలికలో దూర్చాడు. మడ్డి కదలలేదు గాని, చీలికకు ఇరువైపులా ఉండే పాళీ రెక్కలలో ఒకటి వెంట్రుకవాసి పైకి లేచి కాగితాన్ని గీరసాగింది. నయం చేసింది సి విటమిను, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, కొద్దిగా కలిపిన నీరు: అది ఇనుమును మళ్లీ కరిగే రూపానికి తెస్తుంది. లేచిన రెక్కను కలాలు బాగుచేసే పనివాడు భూతద్దం పెట్టి సరిచేశాడు.

మామూలు రంగు సిరాకు ఇంత వైద్యం అక్కరలేదు. పాళీని, నాలుకను చల్లని నీటిలో ఒక రాత్రి నానబెట్టి, రంగు దిగడం ఆగేవరకు కడిగి, మొనను నూలుగుడ్డకు ఆనించి ఉంచితే చీలికలోని తేమను గుడ్డే లాగేస్తుంది. వేడినీరు ఎబొనైటు నలుపును వెలిసిపోయేలా చేస్తుంది కనుక కూడదు. రెండు రకాల సిరాలను కలిపి పోయడం అంతకంటె ప్రమాదం, ఒకదానితో ఒకటి పొసగక అవి గొట్టంలోనే మడ్డి కట్టవచ్చు. ఇంట్లో పెద్దల కలం ఎండిన సిరాతో మూలపడి ఉన్నవారు, దానిని పాడైనదని పారవేయకముందు పాళీని నీటిలో ఉంచి చూడవలసిందిగా ఈ పాళీ కోరుతున్నది.