స్టూలు మీద సంసారం

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏ గేటెడ్ కమ్యూనిటీలో గృహప్రవేశానికి వెళ్లినా, భోజనాల కంటే ముందు ఒక దర్శనం ఉంటుంది. ఇంటాయన ముందు నడుస్తాడు, మనం వెనక. మాడ్యులర్ కిచెన్ దగ్గర ఆగి, పైన వరసగా మెరిసే పెట్టెల్లో ఒకదాని తలుపు వేలితో తోస్తాడు. చప్పుడు కాదు. "సాఫ్ట్ క్లోజ్" అంటాడు. అందరం నోరు తెరుస్తాం. ఇంటావిడ నవ్వుతుంది. ఆ నవ్వుకు అర్థం నెల తర్వాత వెళ్తే తెలుస్తుంది. ఫ్రిజ్జు పక్కన నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు. లక్షలు పోసి కట్టించిన వంటింట్లో రోజూ అక్కరకొచ్చే సామాను అదొక్కటే.

నా ఎత్తు 5 అడుగులు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే దేశం నా పక్కనే నిలబడి ఉంది. చెయ్యి నిటారుగా ఎత్తితే 6 అడుగుల 2 అంగుళాల దాకా అందుతుంది. అదైనా గోడకు ఆనుకుని నిలబడితే. మధ్యలో 2 అడుగుల వెడల్పు గ్రానైట్ బండ అడ్డం ఉంటే, పొట్ట దానికి నొక్కుకుని ముందుకు వంగాలి, అందేది ఇంకా తగ్గుతుంది. ఇక మా ఇంటి లెక్క వినండి. బండ ఎత్తు 34 అంగుళాలు. దాని మీద 24 అంగుళాల ఖాళీ గోడ. ఆ పైన 30 అంగుళాల పెట్టె. అంటే కింది అంచు 58 దగ్గర, పై అంచు 88 దగ్గర. లోపల మూడు అరలు. మొదటిది నాది, రెండోది మా ఆయనది, మూడోది దేవుడిది. ఆ పైన సజ్జ ఉంది. అది దేవుడికీ అందదు.

ఈ 24 అంగుళాలు ఎవరు పెట్టారని దర్యాప్తు మొదలుపెట్టాను. డిజైనర్‌ను అడిగితే "స్టాండర్డ్ మేడం" అన్నాడు. ఎవరి స్టాండర్డ్? అమెరికాలో బండ 36 అంగుళాలు, దాని మీద ఖాళీ 18. మొత్తం 54. నాకంటే నాలుగంగుళాలు పొడుగున్న అమెరికా ఇల్లాలికి పెట్టె 54 దగ్గర మొదలైతే, షామీర్‌పేటలో నాకు 58 దగ్గర మొదలైంది. మనం ఎందులో వెనకబడ్డామండీ!

అసలు దొంగ తర్వాత దొరికాడు. బిల్డర్లు పంచే రంగుల పుస్తకం వెనక పేజీల్లో ఒక వాక్యం ఉంటుంది చూడండి: వంటగట్టు మీద 2 అడుగుల ఎత్తు వరకు టైల్స్. టైలు పొడవు 2 అడుగులు. దాన్ని కోయడం మేస్త్రీకి విసుగు, కొయ్యమనడం కాంట్రాక్టరుకు నష్టం. టైలు ఆగిన చోట పెట్టె మొదలవుతుంది. నా చెయ్యి ఎంత దూరం వెళ్లాలో తేల్చింది నేనెప్పుడూ చూడని ఒక టైల్స్ ఫ్యాక్టరీ.

పెట్టె ఎందుకు 30 అంగుళాలైందో అడగక్కర్లేదు, బిల్లు చూస్తే చాలు. పని చదరపు అడుగు లెక్కన. 12 అడుగుల గోడకు 24 అంగుళాల పెట్టెను 30 చేస్తే 6 చదరపు అడుగులు పెరుగుతాయి. అందని చదరపు అడుగుకూ అందే చదరపు అడుగుకూ రేటు ఒక్కటే. పోనీ పొయ్యికి ఇటూ అటూ ఉన్నవైనా దించమంటే, "చిమ్నీతో లైన్ పోతుంది మేడం" అన్నాడు డిజైనర్. చిమ్నీ పైన ఉండాలి, నిజమే. పొయ్యికీ దానికీ 26 నుంచి 30 అంగుళాల ఎడం నిప్పు అడుగుతుంది. ఉప్పు డబ్బా ఏ ఎడమూ అడగలేదు కదా!

వాస్తు పంతులు రెండుసార్లు వచ్చాడు. పొయ్యి ఆగ్నేయం, ముఖం తూర్పు, సింకు ఈశాన్యం అని గీత గీసి చెప్పాడు. ఎనిమిది దిక్కులూ ఆయన చూసుకుని, పైదిక్కు మాత్రం డిజైనర్‌కు వదిలేశాడు. ఆ డిజైనర్ కంప్యూటర్‌లో చూపించిన వంటింట్లో బండ మీద ఆకుపచ్చ ఆపిల్స్ గిన్నె, ఒక పూలకుండీ, అంతే. కరివేపాకు లేదు, కుక్కర్ లేదు, గ్యాసు పైపు లేదు. మనిషి అసలే లేదు. చివరి మాట మా ఆయనది. 5 అడుగుల 9 అంగుళాల మనిషి, చెయ్యి అలవోకగా ఎత్తి "ఇక్కడికైతే ఫ్రీగా ఉంటుంది" అన్నాడు. ఆయన వంటింట్లోకి వచ్చేది మంచినీళ్ల బాటిల్ కోసం. అది ఫ్రిజ్జులో నడుము ఎత్తున ఉంటుంది.

ఇక్కడికి దగ్గర్లోనే జీనోమ్ వ్యాలీ ఉంది. కంటికి కనిపించని వైరస్‌ను పట్టి సీసాలో పెట్టి టీకా చేసిన చోటు. ఆ పక్క విల్లాలో కళ్లెదురుగా ఉన్న ధనియాల పొడి డబ్బాను పట్టుకోలేక నేను మునివేళ్ల మీద ఊగుతున్నాను. న్యాయం కోసం వెళ్దామంటే నల్సార్ లా యూనివర్సిటీ కూడా షామీర్‌పేటలోనే. కానీ ఏ సెక్షన్ కింద? రెరా చట్టం కార్పెట్ ఏరియా లెక్క అడుగుతుంది. జాతీయ భవన నియమావళి వంటింటి కప్పు 2.75 మీటర్లకు తగ్గకూడదంటుంది. పొగ ఎటుపోవాలో ఆలోచించారు. చెయ్యి ఎటుపోవాలో ఎవరికీ తట్టలేదు.

మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి, వంటింట్లో నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. "ఉట్టి పిల్లికి అందొద్దని కడుతుంటిమి బిడ్డా. గిది ఎవలకు అందొద్దని కట్టిండ్రు?" అంది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని వెక్కిరించే సామెత మనకు ఉండనే ఉంది. ఆ ఉట్టి అంత ఎత్తున ఎవరు కట్టారో మాత్రం సామెత చెప్పదు.

ఈ జబ్బు మన దగ్గరే పుట్టలేదు. మాడ్యులర్ వంటిళ్లన్నిటికీ పెద్దమ్మ లాంటిది 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. గీసింది మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు. రైలు భోజనపు పెట్టెల్లోని వంటగదులు చూసి, అడుగులూ క్షణాలూ లెక్కగట్టి గీసింది. తనకు అప్పటికి వంటే రాదని తర్వాత తనే ఒప్పుకుంది. ఆమె కనీసం లెక్కగట్టింది, పైగా ఒప్పుకుంది. మన డిజైనర్లు రెండూ చేయరు.

అలాగని కోపం కొద్దీ పెట్టెల్ని మరీ కిందికి దించకండి. ఒకావిడ బండ మీది ఖాళీని 14 అంగుళాలకు తగ్గించుకుంది. ఇప్పుడు మిక్సీ మీద పెద్ద జార్ మూత తీయాలంటే మిక్సీని ముందుకు లాగాలి. కుక్కర్ కూత వేస్తే ఆవిరి తిన్నగా ప్లైవుడ్ అడుగుకు తగిలి లామినేట్ ఉబ్బింది. జొన్నరొట్టె చేసే ఇల్లయితే ఇంకా చూసుకోవాలి. రొట్టె కొట్టేటప్పుడు మనిషి ముందుకు వంగుతుంది, పెట్టె మరీ ముందుకొస్తే నుదురు తగులుతుంది. నాలాంటి ఎత్తుకు 18 నుంచి 20 అంగుళాల మధ్య ఎక్కడో బతుకు ఉంది. ఆ ఎక్కడో అన్నది ఎవరి చెయ్యి వాళ్లు ఎత్తి చూసుకోవాల్సిందే.

మా ఇంట్లో పెట్టెలు దించాలంటే టైల్స్‌కు కొత్త బెజ్జాలు, పైన గోడకు పాత బెజ్జాలు, మళ్లీ రంగు, మళ్లీ బిల్లు. కాబట్టి నాది స్టూలే. ఇల్లు ఇంకా సిమెంటు వాసన మీద ఉన్నవాళ్లకు మాత్రం ఒక మాట. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె పారేయకండి. పెట్టె సైజుకు కత్తిరించి గోడకు టేపుతో అంటించండి. వంట చేసే మనిషి చెప్పులతోనే నిలబడి, చేతిలో నిండు పప్పు డబ్బాతో, పై అర అందుతుందేమో రెండు రోజులు చూసుకోనివ్వండి. డ్రిల్లింగ్ మిషన్ ఆ తర్వాతే లోపలికి రావాలి.

కొలత టేపు మాత్రం ఇంటాయన చేతికివ్వకండి.