సీసా పద్యం: సటీకా తాత్పర్యం

మూలం

మూత తీసి తాగి మూలకు విసరిన
సీస చావదనుచు చెప్ప వినరె?
వేడి నీట ముడిగి వెనుకటి రూపౌను;
మునుగు తాను, మూత మునగదయ్య!

అవతారిక

కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం పద్యంలోనే దొరుకుతుంది. ఈ జాతి ప్లాస్టిక్ సీసాకు డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియల్ వయెత్ అమెరికాలో పేటెంటు పొందింది 1973లో. కనుక పద్యాన్ని ప్రబంధ యుగానికి జరపాలని చూసే అభిమానులు కాస్త ఆగాలి. సీసా గురించి కదా అని సీస పద్యం అనుకునేవారూ ఆగాలి. ఇది ఆటవెలది.

ప్రతిపదార్థం

మూత తీసి = బిరడాను తిప్పి తొలగించి. కొత్త సీసా మూత తిప్పగానే పటపటమని తెగేవి మూతకూ దాని కింది ఉంగరానికీ మధ్యనున్న సన్నని పోగులు. మూత చేతికొస్తుంది, ఉంగరం మెడకే ఉండిపోతుంది. కనుక మనం తీసేది సగం మూతే. కవి ఛందస్సు కోసం సర్దుకున్నాడు.

తాగి = నీటిని సేవించి. ఎత్తి తాగితే తప్ప అడుగు కనబడదు కాబట్టి అడుగు వర్ణనకు ఇదే చోటు. అక్కడ త్రికోణ యంత్రం, అందులో 1 అనే బీజాక్షరం ఉంటాయి. ఈ ప్లాస్టిక్ కులగోత్రాలు అవే. నడిమధ్య చిన్న బొడిపె తగులుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగింది అక్కడినుంచే, అంటే అది బొడ్డు. కూల్‌డ్రింకు సీసా అయితే అడుగున ఐదు రేకుల పద్మం కూడా ఉంటుంది. గ్యాసు తోపుడుకి చదునైన అడుగు బయటికి ఉబ్బి సీసా నిలబడదు, అందుకని ఐదు కాళ్లు. అది అలంకారం అనుకున్న వ్యాఖ్యాతలు ఆ సీసాను ఎప్పుడూ బల్లమీద పెట్టి చూడలేదన్నమాట.

మూలకు విసరిన = స్పష్టం. తిరుమల కొండమీద నీళ్ల ప్లాస్టిక్ సీసాలను నిషేధించి గాజువి పెట్టారు కనుక, అక్కడి పాఠకులకు ఈ పదం విడిగా బోధించాలి.

సీస = పాలీఇథిలీన్ టెరెఫ్తలేట్ అనే దీర్ఘ సమాసం, వాడుకలో పెట్.

చావదు, ముడిగి, మునుగు = వీటికి కింద చూడుడు.

తాత్పర్యం

నీళ్లు తాగి పారేసిన సీసా పోదు, వేడినీళ్లు పోస్తే పాత ఆకారానికి తిరుగుతుంది, నీటిలో అది మునిగినా మూత తేలుతుంది.

ఇందులో కవిత్వం ఏముందని అడిగేవారికే విశేషాలు.

విశేషాలు

ముందు సమాసం సంగతి. ఇథిలీన్ గ్లైకాల్ పూర్వపదం, టెరెఫ్తాలిక్ ఆమ్లం ఉత్తరపదం. కారు రేడియేటర్లో పోసే కూలెంటులో ఉండేదీ ఈ గ్లైకాలే. రెండూ కలిసేటప్పుడు ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువు లోపిస్తుంది. కనుక ఇది లోపసంధి. నీటిని వెళ్లగొట్టి పుట్టిన వస్తువు నీటినే మోస్తూ బతకడం విరోధాభాసకు మంచి ఉదాహరణ. అయితే నీరు ఈ అవమానం మరచిపోలేదు. పెట్ గింజల్ని ముందుగా బాగా ఎండబెట్టకుండా కరిగించారంటే, ఆ 280 డిగ్రీల వేడిలో మిగిలిన కాస్త తేమా సంధులను విడగొట్టేస్తుంది. ఆపైన చేసిన సీసాలో బలం ఉండదు.

'చావదనుచు' అన్నచోట 'కుళ్లదనుచు' అని పాఠాంతరం. గణాలు సరిపోతాయి, శాస్త్రానికీ అదే దగ్గర. ఎండకు పెళుసుబారి నలిగి ముక్కలవుతుంది గానీ మట్టిలో కలవదు. దీనిపై జపాన్ పక్షం ఒకటుంది. సకాయ్ నగరంలో సీసాల రీసైక్లింగ్ చోట దొరికిన ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా పెట్‌నే ఆహారంగా తింటుందని 2016లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రకటించారు. నిజమే. కానీ దానికి వడ్డించింది పలుచని పొర, అది తినడానికి 30 డిగ్రీల వెచ్చదనంలో ఆరు వారాలు పట్టింది. సీసాలో ఉన్న ప్లాస్టిక్ సాగదీసి బిగించినది, మరింత మొండిది. అంచేత కవి మాట ప్రస్తుతానికి నిలుస్తుంది.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. పాత వ్యాఖ్యానాలు దీన్ని 'వేడికి పాడవును' అని రెండు ముక్కల్లో తేల్చేశాయి. అది అన్యాయం. కవి 'పాడవును' అనలేదు, 'వెనుకటి రూపౌను' అన్నాడు.

వెనుకటి రూపు ఏది? నీళ్ల ప్లాంట్లలో చాలావాటికి సీసాలు రావు, ప్రీఫామ్‌లు వస్తాయి. సీసాలే తెస్తే లారీ నిండా గాలిని మోసినట్టు కదా. ప్రీఫామ్ అంటే జానెడు కూడా లేని దళసరి గొట్టం. మెడ, మరలు అప్పటికే తయారుగా ఉంటాయి. దాన్ని సుమారు 100 డిగ్రీలకు వేడిచేసి, లోపలికి కడ్డీ దించి నిలువునా సాగదీసి, అదే ఊపులో పెద్ద పీడనంతో గాలి ఊదుతారు. అది చల్లని అచ్చు గోడలకు అతుక్కుని అలాగే బిగుసుకుపోతుంది. ఇష్టం లేకుండా సాగిన అణువుల గొలుసులు చలికి ఎక్కడివక్కడ ఆగిపోయాయన్నమాట. ఆ సాగడం వల్లే అంత పలుచని గోడకు అంత బలం.

ఇప్పుడు మీ పెద్దమ్మగారు గొంతు నొప్పికని అందులో మరిగే నీళ్లు పోశారనుకోండి. సుమారు 75 డిగ్రీలు దాటగానే గొలుసులకు కదలిక వస్తుంది. నడుము లోపలికి పోతుంది, భుజం ఒక పక్కకు ఒరుగుతుంది, లేబులు వదులై జారుతుంది, సీసా పొట్టిదవుతుంది. మెడ మాత్రం చెక్కు చెదరదు. ఆవిడ మూత బిగిస్తే చక్కగా బిగుస్తుంది కూడా. ఎందుకంటే మెడను ఎవరూ ఎప్పుడూ సాగదీయలేదు, దానికి తిరిగి వెళ్లవలసిన పాత రూపమంటూ లేదు. ఇంత పరిశీలన ఉన్న కవిని లోకజ్ఞానం లేనివాడనడం సాహసం.

అంతటితో అయిపోలేదు. ఇక్కడ శ్లేష ఉంది. ఈ పదార్థం సీసాగా పుట్టలేదు, దారంగా పుట్టింది. 1941లో మాంచెస్టర్ కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పేటెంటు తీసుకున్నది బట్టకోసమే. ఇంగ్లండులో దాని పేరు టెరిలీన్. మన తాతల నాటికి అదే టెర్లిన్ చొక్కా, పత్తి కలిస్తే టెరికాట్ ప్యాంటు. ఆ ప్యాంటుకు వేడితో ఒకసారి మడత పడితే ఎన్ని ఉతుకులకైనా పోదు. సీసాను ముడిగేలా చేసిన జ్ఞాపకశక్తే అదీను. ఇప్పుడు మూలకు విసిరిన సీసాలను ముక్కలు చేసి, కరిగించి, మళ్లీ పోగులు తీస్తున్నారు. టీషర్టులవుతున్నాయి, దిండ్లలో దూదవుతున్నాయి. పారేసిన సీసా తాతగారి చొక్కా అవడంకంటే వెనుకటి రూపు ఇంకేముంటుంది?

నాలుగో పాదంపై పెద్ద పూర్వపక్షం ఉంది. 'మునుగు తాను' అంటున్నారే, మరి హుస్సేన్‌సాగర్ ఒడ్డున, బందరు కాలువలో గుంపులుగా తేలేవి ఏమిటి అని. సమాధానం: అక్కడ తేలుతున్నది సీసా కాదు, లోపలున్న గాలి. మూత తీసి నీళ్లు నిండనివ్వండి, తెలుస్తుంది. నీటి సాంద్రత 1, పెట్‌ది సుమారు 1.38. మూత వేరే ప్లాస్టిక్. పాలీఇథిలీన్ అయితే 0.95, పాలీప్రొపిలీన్ అయితే 0.9 చిల్లర. రీసైక్లింగ్ వాళ్లు ఈ పాదం మీదే బతుకుతున్నారు. మూతలతో సహా తురిమి తొట్టెలో వేస్తారు. నీలం, ఆకుపచ్చ మూతల తునకలు పైకి వస్తాయి, తెల్లని సీసా తునకలు అడుగుకు దిగుతాయి. ఏరే పని ఉండదు.

చివరి 'అయ్య' ఎవరిని ఉద్దేశించింది? పాఠకుణ్ణి అని బహుళ పక్షం. పాత సామాన్లు కొనేవాణ్ణి అని నా పక్షం. మూలకు విసిరినవాణ్ణి కవి అంత మర్యాదగా పిలిచి ఉంటాడని నేననుకోను.